జాతకం బాగాలేని ఆల్బమ్

(బెంగళూరు మారతహళ్లిలో మేం నెలకో శనివారం కలుసుకునే చోట చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. మధ్యలో పాటలు వినిపించిన చోట్లు వదిలేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వినపడుతోందా? సరే. ముందు వరుసలో పెద్దాయన అప్పుడే చెవుల్లో దూది పెట్టుకుని కూర్చున్నారు. ఎవరో ముందే చెప్పేసినట్టున్నారు. పర్లేదు సార్, ఉంచుకోండి, తీయాల్సిన చోట నేనే చెప్తా. పోయిన నెల ఇదే కుర్చీలో కూర్చుని ఒక మాస్టారు శతక పద్యాల మీద మాట్లాడారు. ఈ నెల నేను, థ్రాష్ మెటల్. అంత ఎత్తు నుంచి ఇంత కిందికా అని మీలో కొందరికి ఉండొచ్చు. ఒక గంట ఓపిక పట్టండి. ఆ తర్వాత తిట్టండి.

నేను చెప్పబోయేది ఒక్క ఆల్బమ్ గురించే. పేరు హారర్‌స్కోప్. బ్యాండు పేరు ఓవర్‌కిల్. వచ్చింది 1991 సెప్టెంబరులో. హారోస్కోప్ అంటే జాతకం, మనందరికీ తెలుసు. దాంట్లోకి 'హారర్' దూర్చి హారర్‌స్కోప్ అన్నారు. భయంకరమైన జాతకం అనుకోండి. పేరు అలా పెట్టుకున్నందుకో ఏమో, ఆ ఆల్బమ్ జాతకమే సరిగ్గా లేకుండా పోయింది. ఆ సంగతికి వస్తాను.

ముందు థ్రాష్ అంటే ఏంటో రెండు మాటలు. తెలిసినవాళ్లు ఒక్క నిమిషం ఫోన్ చూసుకోండి. 80ల మొదట్లో అమెరికాలో కొంతమంది కుర్రాళ్లకి హెవీ మెటల్ ఇష్టం, కానీ అది చాలా నిదానంగా ఉందనిపించింది. పంక్ కూడా ఇష్టం, కానీ దాంట్లో వాయించడానికి పెద్దగా ఏమీ లేదనిపించింది. రెండూ కలిపేశారు. మెటల్‌లోని పనితనం, పంక్‌లోని వేగం, కోపం. శాన్‌ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజెలెస్ వైపు ఒక గుంపు, న్యూయార్క్, న్యూజెర్సీ వైపు ఒక గుంపు. వీళ్లలో నలుగురికి పెద్దపీట వేశారు: మెటాలికా, మెగాడెత్, స్లేయర్, ఆంత్రాక్స్. బిగ్ ఫోర్ అంటారు. మన పెళ్లి భోజనాల్లో మొదటి బంతి లాంటిది. వడ్డించేవాళ్ల కళ్లన్నీ అక్కడే. రెండో బంతిలో కూర్చున్నవాళ్లకి కూర చల్లారిపోయి ఉంటుంది, అప్పడం అయిపోయి ఉంటుంది.

ఓవర్‌కిల్‌ది రెండో బంతి. తమాషా ఏంటంటే వీళ్లు మెటాలికా కంటే ముందు మొదలుపెట్టారు. మెటాలికా 1981, ఓవర్‌కిల్ 1980. న్యూజెర్సీ వాళ్లు. మోటర్‌హెడ్ 1979లో వేసిన ఒక ఆల్బమ్ పేరే తమ పేరుగా పెట్టుకున్నారు. కానీ మొదటి పూర్తి ఆల్బమ్ 'ఫీల్ ది ఫైర్' బయటికి వచ్చేసరికి 1985. అప్పటికి మెటాలికావి రెండు వచ్చేశాయి. ముందు బయల్దేరి సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నట్టు. మీకు ఇంతకంటే బాగా అర్థమయ్యేలా చెప్పలేను.

ఇప్పుడు ఈ సంగీతంలో చెయ్యి ఎలా పడుతుందో చూడండి. ఇదిగో, గిటారు. నాది బేసు, అంటే లావు తీగలుండి లోతుగా మోగే గిటారు. ఇది అరువు తెచ్చింది. తీగని ఊరికే మీటితే ఇలా సాగుతుంది. ఇప్పుడు కుడి చేతి అరచేయి అంచుని తీగల మీద, ఇక్కడ తీగలు ఆనే బ్రిడ్జి దగ్గర ఆనించి మీటుతున్నా. విన్నారా? సాగదు. తెగుతుంది. దబ్ దబ్ దబ్ అని. పామ్ మ్యూట్ అంటారు. మా ఊళ్లో తప్పెట వాయించేవాళ్లని చూశారా ఎవరైనా? కుడి చేత్తో లావు పుల్ల వేస్తారు, ఎడమ చేతిలో సన్న పుల్ల. ఆ ఎడమ చెయ్యి ఒక్కోసారి చర్మం మీద ఆనించి పెడతారు, మోత మూసుకుపోతుంది. తీస్తారు, తెరుచుకుంటుంది. మూయడం, తెరవడం. థ్రాష్ గిటారులో సగం పని అదే. మిగతా సగం సెకనుకి ఎన్నిసార్లు చెయ్యగలవు అన్నది.

అందుకే నాకు ఇది మొదటిసారి విన్నప్పుడు పరాయిదనిపించలేదు. మా అమ్మకి మాత్రం అనిపించింది. సెలవులకి ఇంటికి వెళ్లి టేప్ రికార్డర్‌లో పెడితే, వంటింట్లోంచి వచ్చి అడిగింది: "ఎవర్నిరా కొడతా ఉండారు ఆ పెట్టెలో?" నాన్న అయితే టేపు చుట్టుకుపోయిందనుకుని ఆపేసి, కేసెట్ తీసి, పెన్సిల్ పెట్టి తిప్పి బిగించి మళ్లీ ఇచ్చాడు. పాపం, మంచి ఉద్దేశంతోనే.

కేసెట్ సంగతి వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను, ఎందుకంటే ఈ ప్రసంగం మొత్తానికి మూలం అదే. 1996. ఈ ఊళ్లోనే ఇంజనీరింగ్, హాస్టల్. నా రూమ్మేట్ షిల్లాంగ్ నుంచి వచ్చాడు. అక్కడివాళ్లకి ఈ సంగీతం మన దగ్గర సినిమా పాటలు ఉన్నట్టు. అట్టపెట్టె నిండా కేసెట్లు. బ్రిగేడ్ రోడ్డులో మెటాలికా దొరికేది, మెగాడెత్ దొరికేది. ఓవర్‌కిల్ నాకు ఎక్కడా కనపడలేదు. వాడి దగ్గర ఉంది. అదీ ఎవరి దగ్గరో కాపీ చేసుకున్నది. నేను ఒక తొంభై నిమిషాల ఖాళీ కేసెట్ కొనిస్తే, డబుల్ డెక్‌లో ఎక్కించి ఇచ్చాడు. ఎ సైడు హారర్‌స్కోప్, బి సైడు స్లేయర్ 'సీజన్స్ ఇన్ ది అబిస్'.

లెక్క చూడండి. తొంభై నిమిషాల కేసెట్ అంటే సైడుకి నలభై అయిదు. స్లేయర్ ఆల్బమ్ నలభై రెండు నిమిషాల చిల్లర, హాయిగా పట్టింది. హారర్‌స్కోప్ యాభై నిమిషాలు దాటుతుంది. అంటే ఏమవుతుంది? పదకొండు పాటల్లో పదోది, 'నైస్ డే ఫర్ ఎ ఫ్యూనరల్', సగం దాటాక... టక్. అంతే. టేపు అయిపోయింది. నాకు కవరు లేదు, పాటల లిస్టు లేదు. పాట అలా గొంతు కోసినట్టు ఆగిపోవడమే దాని ముగింపు అనుకున్నాను. చావు గురించిన పాట, మధ్యలో తెగిపోయింది, అబ్బ ఏం ఆలోచన అనుకున్నాను! హాస్టల్లో జూనియర్లకి దాని గొప్పతనం వివరించాను కూడా. నవ్వండి, పర్లేదు. పదేళ్లు అలాగే నమ్మాను.

సరే, ఆల్బమ్ జాతకం. 1991 ఆగస్టు 12న మెటాలికా వాళ్లు నల్ల అట్ట ఆల్బమ్ వదిలారు. బ్లాక్ ఆల్బమ్. ఒక్క అమెరికాలోనే కోటిన్నరకి పైగా అమ్ముడుపోయింది. వేగం తగ్గించి, పాటలు చిన్నవి చేసి, అందరికీ అర్థమయ్యేలా వాయించారు. సెప్టెంబరు 17న గన్స్ ఎన్ రోజెస్ ఒకే రోజు రెండు ఆల్బమ్‌లు పడేశారు. సెప్టెంబరు 24న నిర్వాణ 'నెవర్‌మైండ్'. దాంతో సియాటిల్ ఊరి రాక్ బ్యాండ్ల గాలి మొదలైంది. కుర్రాళ్లు జీన్స్ జాకెట్ విప్పేసి గళ్ల చొక్కా వేసుకున్నారు. ఈ ఆరు వారాల సందులో ఓవర్‌కిల్ వాళ్ల ముహూర్తం! ఏ పంతులు పెట్టాడో.

ఇంకో చిత్రం. హారర్‌స్కోప్‌కి పనిచేసిన ప్రొడ్యూసర్ టెర్రీ డేట్. అంతకు ముందు ఏడాది పాంటెరా 'కౌబాయ్స్ ఫ్రమ్ హెల్' చేసింది ఆయనే. 1991 అక్టోబరులో వచ్చిన సౌండ్‌గార్డెన్ 'బ్యాడ్‌మోటర్‌ఫింగర్' కూడా ఆయన చేసిందే. సౌండ్‌గార్డెన్ ఎక్కడివాళ్లు? సియాటిల్. అంటే వీళ్ల సౌండు దిద్దిన చెయ్యే, వీళ్లని పక్కకి నెట్టబోయే గాలికి కూడా సౌండు దిద్దింది. ఆయన తప్పేం లేదు, ఆయన పని ఆయన చేశాడు. ఆ ఏడాది అలాంటిది.

బయట ఇలా ఉంటే ఇంట్లో ఎలా ఉంది? ఇంట్లో ఇంకా ఘోరం. ఓవర్‌కిల్‌కి ఆల్బమ్‌లన్నిట్లో అప్పటిదాకా ఒక్కడే గిటారిస్టు, బాబీ గస్టాఫ్‌సన్. రిఫ్‌లలో చాలా భాగం ఆయన చేతిలోంచి వచ్చినవే. రిఫ్ అంటే పాటకి పల్లవి లాంటి గిటారు ముక్క అనుకోండి, తిరిగి తిరిగి వచ్చేది. 1989లో 'ది ఇయర్స్ ఆఫ్ డికే' అని గట్టి ఆల్బమ్ ఇచ్చారు. మరుసటి ఏడాది గస్టాఫ్‌సన్ బయటికి వెళ్లిపోయాడు. గొడవలు. గొడవల్లో ఎవరిది తప్పని నన్నడక్కండి. అన్నదమ్ములు వేరుపడితే ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్తారు.

ఇప్పుడు చెప్పండి, మీ దుకాణంలో సరుకు తయారుచేసేవాడే వెళ్లిపోయాడు. ఏం చేస్తారు? పేరున్నవాణ్ణి ఎక్కువ జీతమిచ్చి తెచ్చుకుంటారు. అవునా కాదా? మన ఔటర్ రింగ్ రోడ్ కంపెనీలన్నీ చేసేది అదే. వీళ్లు ఏం చేశారంటే, ఒకణ్ణి 'ఫెయిత్ ఆర్ ఫియర్' అనే చిన్న బ్యాండు నుంచి తెచ్చారు, మెరిట్ గాంట్. రెండోవాడు రాబ్ కానవీనో. ఈయన ఎవరో తెలుసా? గస్టాఫ్‌సన్‌కి గిటారు టెక్. అంటే గిటార్లకి తీగలు మార్చి, శ్రుతి చేసి, స్టేజి పక్క చీకట్లో నిలబడి, తీగ తెగితే ఇంకో గిటారు అందించేవాడు. ఆ మనిషిని వెలుతురులోకి తెచ్చి, మీ సార్ చోట నువ్వు నిలబడు అన్నారు.

నాకు ఈ ముక్క అంటే ఎంత ఇష్టమో చెప్పలేను. మా నాన్న లారీ మెకానిక్ దగ్గర హెల్పర్‌గా మొదలుపెట్టాడు. స్పానర్ అందించేవాడికి ఇంజను గురించి ఎంత తెలుస్తుందో నాకు తెలుసు. వాడు రోజూ చూస్తుంటాడు కదా. ఎక్కడ బిగిస్తున్నారు, ఎక్కడ వదులుతున్నారు అన్నీ.

ఇక ఆల్బమ్‌లోకి. మొదటి పాట 'కోమా'. గభాలున మొదలవదు. మెల్లగా, ఆసుపత్రి వరండాలో ఎవరో చెప్పుల్లేకుండా నడిచొస్తున్నట్టు వస్తుంది. ఇదిగో ఇక్కడ... ఇక్కడ... ఇప్పుడు! విన్నారా ఆ మలుపు? ఎడమ చెవిలో ఒక గిటారు, కుడి చెవిలో ఒకటి. హెడ్‌ఫోన్స్‌తో వినండి ఇంటికెళ్లి. ఇద్దరూ ఒకే రిఫ్ వాయిస్తుంటే రెండు రంపాలు ఒకే దుంగని కోస్తున్నట్టుంటుంది. నిజానికి స్టూడియోలో ఒక్కడే రెండుసార్లు వాయించి కలపొచ్చు, గస్టాఫ్‌సన్ రోజుల్లో అలాగే చేసి ఉంటారు. కానీ ఇద్దరు మనుషులకి రెండు రకాల మణికట్లుంటాయి.

ఇప్పుడు నా పిచ్చి. బేసు. మీకు బేసు వినపడుతోందా దీంట్లో? ఆ గణగణ! గునపం రాతికి తగిలినట్టు. డి.డి. వర్ని. ఆ బ్యాండులో మొదటి నుంచి ఇప్పటిదాకా ఉన్నది ఇద్దరే, పాడే బాబీ 'బ్లిట్జ్' ఎల్స్‌వర్త్, ఈయన. థ్రాష్‌లో బేసు వాయించేవాడి బతుకు మామూలుగా పెళ్లిలో తోడు పెళ్లికొడుకు బతుకే. 1988లో మెటాలికా 'అండ్ జస్టిస్ ఫర్ ఆల్' వేశారు, గొప్ప ఆల్బమ్. దాంట్లో జేసన్ న్యూస్టెడ్ బేసు వినపడితే నాకు ఫోన్ చేయండి, భోజనం పెట్టిస్తా. ఓవర్‌కిల్‌లో అలా కుదరదు. నా లెక్క ఏంటంటే, ఇన్నేళ్లూ స్టేజి మీద ఒక్క గిటారే కదా. అతను సోలో ఎత్తుకున్నాడంటే కింద రిఫ్ మోసేదెవరు? బేసే మోయాలి. అలా మోసీ మోసీ ఆ చేతికి ఆ గట్టిదనం వచ్చింది. ఇద్దరు గిటారిస్టులు వచ్చాక కూడా అది తగ్గలేదు. అందుకే ఈ ఆల్బమ్‌లో మూడు తీగల వాయిద్యాలూ దేనికదే వినపడతాయి.

డ్రమ్స్ సిడ్ ఫాల్క్. డెన్మార్క్ మనిషి. మెటాలికా డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ కూడా డెన్మార్కే. ఆ దేశం నీళ్లలో ఏముందో. ఫాల్క్‌కి ఓవర్‌కిల్‌తో ఇదే ఆఖరి ఆల్బమ్.

బ్లిట్జ్ గొంతు గురించి ఒప్పుకోవాలి, అందరికీ పడదు. గేటు తుప్పు పట్టి కిర్రుమన్నట్టు ఉంటుంది. మా ఆవిడ పన్నెండేళ్లుగా వింటోంది, ఇప్పటికీ "ఆయనకి ఎవరైనా వేడి నీళ్లివ్వండి" అంటుంది. నాకు మాత్రం ఆ గొంతులో కోపం కంటే వెటకారం ఎక్కువ వినిపిస్తుంది. 'థ్యాంక్స్ ఫర్ నథింగ్' వినండి. ఊళ్లో పొలం గట్టు మీద నిలబడి పక్కింటివాణ్ణి నవ్వుతూ తిట్టేవాళ్లుంటారే, ఆ బాపతు.

టైటిల్ పాట దగ్గర కొంచెం ఆగుదాం. ఆల్బమ్ మధ్యలో వస్తుంది, ఆరోది. అప్పటిదాకా పరుగే పరుగు. దీంట్లో నడక. ఏనుగు నడక. తప్పెట మూయడం తెరవడం అన్నాను కదా, ఇక్కడ ఎక్కువసేపు తెరిచే ఉంచుతారు. ఒక దెబ్బ వేసి, దాని మోత గదంతా తిరిగొచ్చేదాకా ఆగి, అప్పుడు ఇంకోటి. చూడండి... ఇప్పుడు. ఆగాడు. ఇంకా ఆగాడు. ఆ ఖాళీలో మీ భుజాలు బిగుసుకుంటున్నాయా లేదా? వేగంగా వాయించేవాళ్లు నిదానంగా వాయిస్తే తెలిసిపోతుంది, పట్టు ఉందా లేదా అని. సైకిల్ కూడా అంతే కదా, స్పీడుగా ఎవడైనా తొక్కుతాడు, కాలు కింద పెట్టకుండా మెల్లగా తొక్కమనండి. బ్లాక్ ఆల్బమ్‌లోనూ నిదానమే, వీళ్లదీ నిదానమే. కానీ అక్కడ పదిమందీ కలిసి పాడుకోవచ్చు. దీన్ని ఎవరూ పాడుకోలేరు.

ఇంకో పాట దాటాక 'ఫ్రాంకెన్‌స్టైన్'. మాటల్లేని పాట, వీళ్లది కాదు. ఎడ్గర్ వింటర్ గ్రూప్‌ది. 1973లో అమెరికాలో నంబర్ వన్. దానికా పేరెందుకొచ్చిందో తెలుసా? స్టూడియోలో చాలాసేపు వాయించి, ఆ పొడుగాటి టేపుని ముక్కలు ముక్కలుగా కోసి, అతికించి ఒక పాట చేశారు. కుట్లేసిన శవంలా ఉందని ఆ పేరు. వీళ్లు కీబోర్డు ముక్కలన్నీ గిటార్లతో వాయించేశారు. కొత్తగా వచ్చిన ఇద్దరూ 'మేం వచ్చాం' అని చెప్పుకోవడానికి పెట్టినట్టుంటుంది. సరదాగా ఉంటుంది, దాన్ని నేను తీసేయను.

తీసేయమంటే దాని తర్వాతది తీసేస్తాను, 'లివ్ యంగ్, డై ఫ్రీ'. చెడ్డది కాదు గానీ, అలాంటి పాట అప్పటికే ఈ ఆల్బమ్‌లో రెండుసార్లు విన్నాం. యాభై నిమిషాలు దాటిందంటే కారణం ఇలాంటివే. సీడీలు వచ్చిన కొత్తలో అందరికీ ఆ రోగం ఉండేది, చోటుంది కదా అని నింపడం. నలభై అయిదులో ముగించి ఉంటే నా కేసెట్ కూడా తెగేది కాదు!

ఏం తమ్ముడూ, చెయ్యెత్తావు? ఆ. మంచి ప్రశ్న. ఓవర్‌కిల్ ఫ్యాన్స్‌ని అడిగితే హారర్‌స్కోప్ వాళ్ల మొదటి రెండు మూడింట్లోనే చెప్తారు కదా, మరి దీనికి గుర్తింపు రాలేదని ఎలా అంటారు అని. నిజమే. ఇంట్లోవాళ్లకి తెలుసు పిల్లాడు తెలివైనవాడని. నేను మాట్లాడేది వీధి గురించి. ఈ ఊరికే చూడండి. 2007లో ఐరన్ మెయిడెన్, 2008లో మెగాడెత్, 2011 అక్టోబరు 30న మెటాలికా, మూడూ ప్యాలెస్ గ్రౌండ్స్‌లోనే. 2012లో స్లేయర్. ఈ ఊరి క్రిప్టోస్ లాంటి బ్యాండ్లు 90ల చివర్నుంచీ వాయిస్తూనే ఉన్నాయి. అంటే ఇది మెటల్ తెలియని ఊరు కాదు. మెటాలికా రోజున ఆ జనంలో గంటలకొద్దీ నిలబడ్డాను. వేల నల్ల టీషర్టులు. ఓవర్‌కిల్ ఆకుపచ్చ అక్షరాలున్న టీషర్టు నాకు ఒక్కటే కనపడింది. తోసుకుంటూ వెళ్లి భుజం తట్టాను. ఆ అబ్బాయి తిరిగి చూసి, "సార్, ఇది బ్యాండు పేరా? కజిన్ ఇచ్చాడు" అన్నాడు.

ఆ తర్వాత కథ త్వరగా చెప్పేస్తాను, టైమైపోతోంది. 1993లో 'ఐ హియర్ బ్లాక్' అని ఇంకా నిదానంగా వెళ్లారు, చాలామందికి నచ్చలేదు. నాకూ అంతంత మాత్రమే. 90ల మధ్యకల్లా ఆ ఇద్దరు గిటారిస్టులూ వెళ్లిపోయారు. బ్లిట్జ్‌కి ముక్కుకి క్యాన్సర్ వచ్చి తగ్గింది. 2002లో జర్మనీలో పాడుతూ పాడుతూ స్టేజి మీదే స్ట్రోక్ వచ్చి పడిపోయాడు. లేచాడు. 2010లో 'ఐరన్‌బౌండ్' వచ్చినప్పుడు కొత్త పిల్లలు కొందరు ఇదేదో కొత్త బ్యాండు అనుకున్నారు. 2023లో 'స్కార్చ్‌డ్' వచ్చింది, ఇరవయ్యో ఆల్బమ్.

ఇక ఆ పదకొండో పాట. పేరు 'సోలిట్యూడ్', ఒంటరితనం. కానీ స్పెల్లింగులో ఆత్మ అని అర్థం వచ్చే 'సోల్' దూర్చారు. మళ్లీ అదే అలవాటు. పదేళ్ల తర్వాత ఆఫీసులో ఒకతను హార్డ్‌డిస్క్‌లో ఆల్బమ్ మొత్తం ఇస్తే, పదో పాట తెగే చోటు దగ్గర అలవాటుగా హెడ్‌ఫోన్స్ తీయబోయాను. తెగలేదు. ఇంకో రెండు నిమిషాలు వాయించారు. నేను జూనియర్లకి చెప్పిన గొప్పతనమంతా గాల్లో కలిసిపోయింది. తర్వాత ఇది మొదలైంది, మెల్లగా. రాత్రి తొమ్మిదింటికి, ఫ్లోర్‌లో ఎవరూ లేరు, ఏసీ చప్పుడు ఒక్కటే. ఆ రూమ్మేట్‌కి అప్పటికప్పుడు మెసేజ్ పెట్టాను, ఒరేయ్ ఇంకో పాట ఉందిరా అని. "నా కేసెట్‌లో కూడా లేదు" అని జవాబు.

కింద వాచ్‌మన్ ఎనిమిదిన్నరకి గేటు వేసేస్తాడు, ఇంకా పదిహేను నిమిషాలుంది. పదో పాట నా టేపు తెగిన చోటు నుంచి పెడుతున్నా, అక్కణ్ణుంచి చివరిదాకా వెళ్తుంది. సార్, ముందు వరుసలో మీరు... రెండు నిమిషాలయ్యాక చెయ్యెత్తుతాను, అప్పుడు దూది తీసేయొచ్చు.